కొబ్బరిచెట్టు మీది నుంచి కనబడ్డ సముద్రం

"మోకు తడవకుంట పెట్టినవా?" అన్నాడు మా ఆయన. "అటుక మీద పెట్టిన, పండుకో ఇగ," అన్నాను. ఆయన కన్నుమూసే ముందు మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు అవే. చెట్టెక్కడం మానేసి ఎన్నో ఏళ్ళయినా, నడుముకు కట్టుకుని తాటిచెట్లెక్కే ఆ మోకు సంగతి అడగనిదే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే అది సముద్రం దాటవలసిన మోకు. (రాసుకో బిడ్డా, ఆగకు. నీ మేనమామ కథే ఇది.)

ఆ రోజుల్లో మా మేడిపల్లిలో మొగుడు దుబాయిలో ఉండటం, పెండ్లాం ఇంట్లో ఫోను కోసం చూడటం వింతేమీ కాదు. నా బతుకూ అంతే. పెళ్ళయిన కొత్తల్లోనే వెళ్ళి, రెండేళ్ళకోసారి వచ్చేవాడు. అక్కడి రేవులో ఆయనతో పనిచేసే దోస్తు ఒకడు ఉండేవాడు, కరీబియన్ దీవుల్లో ఏదో చేపలు పట్టే చిన్న ఊరివాడట. పేరు నోరు తిరగక మేము సముద్రపాయన అనేవాళ్ళం. ఆలుమగలిద్దరూ రండి, మా ఇంట్లోనే ఉండండి అని పిలిచి, తన ఊరి ఫొటో ఇచ్చాడు. ఒక సెలవులో మా ఆయన ఆ ఫొటో నా చేతిలో పెట్టి, "ఈసారి ఒక్కణ్ణి పోను. నిన్ను తోలుకపోత," అన్నాడు. కరీంనగర్ దాటి ఎరగని నాకు ఆ పూట సంతోషంతో అన్నం దిగలేదు.

ఫొటోలో నేను పడవలు చూశాను, దుబాయి పోకముందు కల్లు గీసిన ఆయన చెట్లు చూశాడు. నీళ్ళ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, ఒక్కదానికీ కల్లు కుండ లేదు. "గిన్ని చెట్లుండి ఒక్కడు గీస్తలేడు. పాపం, పొద్దుగాల వలకు పోయినోళ్ళు మళ్ళచ్చి ఏం తాగుతరే?" అని జాలిపడ్డాడు. ఇక మోకు, గీత కత్తి, కుండలు మూట కట్టాడు. కల్లులోకి నంజుకునే శనగ గుడాలు వేయించే పని నాకు అప్పగించాడు. "మనం చూడవోతున్నమా, కల్లు దుకాణం పెట్టవోతున్నమా?" అన్నాను. "దోస్తు ఇంటికి ఒట్టి చేతులతోని పోతరా?" అన్నాడు.

అయితే ఆయన ఎక్కినవన్నీ తాటిచెట్లే. అలవాటు కోసమని కోరుట్లలో మా చిన్నమామ ఇంటి వెనుక, పెంటకుప్ప మీదికి వంగిన కొబ్బరిచెట్టును చూసుకున్నాడు. "తాటిచెట్టు నిటారుగ ఉంటది కొడుకా. గిది ఒరిగిన చెట్టు, మోకు నిన్ను ఆపది," అన్నాడు చిన్నమామ. "సముద్రం కాడ అన్నీ గిట్లనే ఉంటయి చిన్నాయినా, ఫొటో చూడలే?" అంటూ ఈయన ఎక్కనే ఎక్కాడు. మట్టల దాకా పోయి దర్జాగా కూర్చున్నాడు. కింద నుంచి నేను, "సముద్రం కనవడుతున్నదా?" అని అడిగాను. "కనవడుతున్నది. నీకు జాగ ఆపిన, రా," అన్నాడు. గోడ మీది నుంచి చూసేవాళ్ళంతా నవ్వారు. నేనూ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

దిగేటప్పుడు, అలవాటుకొద్దీ మోకు మీద బరువు వేసి వెనక్కి వాలాడు. చెట్టు ఆయన్ను గిర్రున అడుగువైపుకు తిప్పేసింది. కాసేపు గబ్బిలంలా వేలాడి, పెంటకుప్పలో పడ్డాడు. (నవ్వకు, రాయి.) కాలు విరిగింది. "పోయచ్చినవారా దీవికి?" అన్నాడు చిన్నమామ, చేయి అందిస్తూ.

కాలు అతికేసరికి దుబాయి వీసా గడువు దాటిపోయింది. దీవి మాట అటుంచి, దుబాయి కూడా పోయింది. అందరూ అయ్యో అన్నారు. నేనూ పైకి అయ్యో అని, లోలోపల ఆ కొబ్బరిచెట్టుకు దండం పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ నన్ను విడిచి ఎక్కడికీ పోలేదు. మా ఊరి తాటిచెట్లే గీసుకుంటూ, ఏటా "వచ్చే ఏడు పోదాం" అనేవాడు. "శనగలు కొనాల్నా మరి?" అనేదాన్ని నేను.

సముద్రం కోసం మెడ నొప్పెట్టేదాకా చెట్టు కింద నిలబడ్డ ఆ పిచ్చి పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏదీ బిడ్డా, రాసింది ఒకసారి సదివి వినిపియ్యి. మీ మామ చెట్టు మీద కూసున్న కాడ ఆపు. దించకు.