ఉప్పు చూసే గంగాధరప్ప

కళ్యాణదుర్గం చరిత్ర ఎవరైనా రాసే పక్షంలో, బస్టాండు వెనక మెహరున్నీసా హోటల్లో రంజాన్ నెల పొడుగునా పొద్దున ఆరుంబావుకు జరిగే ఒక కార్యానికి కనీసం ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఆ వేళకు గంగాధరప్ప నోరు మూడుసార్లు పుక్కిలించి, బెంచీ చివర కూర్చుని, కుడి అరచేయి చాస్తాడు. మెహరున్నీసా గరిటె కొనతో రేగ్గాయంత బుడ్డల చెట్నీ అందులో పెడుతుంది. అతను నాకి కళ్లు మూసుకుంటాడు. పెనం దగ్గర ఆమె భర్త జిలాన్ బాషా చేతిలో అట్లకాడ ఆగిపోతుంది. అప్పుడు తీర్పు వెలువడుతుంది. తీర్పులు మూడే: "సరే", "ఇంగ చిటికెడు", "బుడ్డలు పడాల". వీటి మీద అప్పీలు లేదు.

వేరుశనక్కాయల్ని ఆ ఊళ్లో బుడ్డలంటారు. చెట్నీ అంటే వాటితో చేసిందే. కొబ్బరి చెట్నీ పెళ్లిళ్లకు.

గంగాధరప్పకు ఈ పదవి ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. రంజాన్‌లో మెహరున్నీసా ఇంట్లో అందరూ ఒక్కపొద్దు ఉంటారు. తెల్లవారుజామున సహరీ భోజనం అయ్యాక పొద్దు గూకేదాకా వాళ్ల నాలుక మీద ఏమీ పడదు. ఆటో డ్రైవర్లకు మాత్రం ఆరున్నరకల్లా దోసె పడాలి. షుగరు వల్ల ఒక్కపొద్దు ఉండలేని అత్తగారు ఉన్నన్నాళ్లు ఉప్పు ఆమే చూసింది. ఆమె పోయిన ఏడాది, రంజాన్ మొదటి రోజున, దోసె తింటున్న గంగాధరప్ప తలెత్తకుండానే "రెండు చిటికెలు తక్కువమ్మా" అన్నాడు. మెహరున్నీసా రెండు చిటికెలు వేసింది. తర్వాత వచ్చినవాళ్లు మారు చెట్నీ అడిగారు. మర్నాటి నుంచి అరచేయి చాచడం మొదలైంది. దానికి ఏడేళ్లు నిండాయి.

అర్హత లేని మనిషి కాదు. శెనక్కాయల మండీలో ముప్పై ఏళ్లు అతని పని కొరకడమే. రైతు మూట విప్పగానే ఒక బుడ్డ ఒలిచి, గింజను పంటి కింద పెట్టేవాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా దిగితే తేమ ఉన్నట్టు. ఆ పన్ను మాట మీద లారీలు కదిలాయి. ఆ తర్వాత మండీకి తేమ చూసే మిషను వచ్చింది. మిషను కూడా అతను చెప్పిందే చెప్పేది. అయినా మిషన్నే ఉంచుకున్నారు. అప్పటినుంచి సంవత్సరంలో పదకొండు నెలలు గంగాధరప్ప ఒక మామూలు ముసలాయన. పన్నెండో నెల కోసం బతికేవాడంటే అతిశయోక్తి కాదు.

ఈ ఏడాది రంజాన్‌కు నెలన్నర ముందు డాక్టరు అతని చేతికి పట్టీ చుట్టి, అంకె చూసి, ఉప్పు మానెయ్యమన్నాడు.

"ఈ పొద్దు నుంచి మనింట్లో ఉప్పు లేదు," అని భార్య సుబ్బరత్నమ్మ ప్రకటించింది. "నీకొక్కనికి చప్పిడి పెట్టి నేను ఉప్పు తింటే నాకు కూడు దిగుతాదా?"

ఈ మాట గంగాధరప్ప బస్టాండంతా చెప్పుకున్నాడు. చప్పిడి పప్పు, చప్పిడి సంగటి, రోట్లో దంచిన చప్పిడి ఊరుబిండి పచ్చడి. ఉప్పు లేని ఊరుబిండి తిన్నవాడికి రోకలి మీద కూడా జాలి పుడుతుంది. కానీ ఎదుటి కంచంలోనూ అదే ఉందన్న ధైర్యంతో మింగాడు. నెల తిరిగేసరికి ఎర్రగడ్డలో, అంటే ఉల్లిపాయలో కూడా తీపి తెలిసింది. నాలుక ఇంకా పదునెక్కిందని అనుకున్నాడు. పొరపాటు అక్కడే జరిగింది.

రంజాన్ మొదటి రోజు చెట్నీ నాకగానే అతని ముఖం ముడుచుకుపోయింది.

"ఉప్పు శానా అయింది మెహరమ్మా."

"ఎప్పుడూ ఏసే పిడికెడే కదన్నా!"

"పిడికెడు అదే. ఉప్పు మారిండొచ్చు. బుడ్డలు పడాల."

బుడ్డలు పడ్డాయి. మళ్లీ నాకాడు. మళ్లీ పడాలన్నాడు. మూడోసారికి గానీ "సరే" రాలేదు. మొదటి దోసె ఆటో జయరాముడిది. ఒక ముక్క తిని, కంచం వైపు చూసి, కేక వేశాడు.

"ఏమక్కా! ఒక్కపొద్దు నీకా, నీ చెట్నీకా?"

హోటలంతా నవ్వింది. మెహరున్నీసా లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. గంగాధరప్పకు అది అవిశ్వాస తీర్మానంలా కనిపించింది.

రాత్రికి బాగా ఆలోచించి, రెండోరోజు తన నాలుకను తానే సవరించాడు. ఉప్పగా తోచినా "ఇంగ చిటికెడు" అన్నాడు. నమ్మకం చాలక ఇంకో చిటికెడు అన్నాడు.

"ఈ చెట్నీ తిని అనంతపురం దాకా నీళ్లు తాగుతా పోవాల్నా?" అని అడిగాడు జయరాముడు. "పెద్దాయనా, నీ నాలికకు రిపేరు వచ్చిండాది. మండీ మిషన్ తెచ్చి పెట్టిస్తామా?"

ఆ చివరి మాట గుచ్చుకుంది. మూడోరోజు మెహరున్నీసా చెట్నీ గిన్నె పట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. ఈ పొద్దు ఒక్కసారి వదిన్ని కూడా చూడమందామా?"

గంగాధరప్ప సంతోషంగా ఒప్పుకున్నాడు. "పిలుస్తా. నెలన్నరగా ఆమె తింటాండేదీ చప్పిడే. ఇద్దరి నాలికలూ ఒకే కుండలోవి. ఆమె కూడా ఉప్పెక్కువంటే తప్పు ఉప్పుదే గానీ నాది కాదు."

రెండిళ్ల అవతలి నుంచి సుబ్బరత్నమ్మ వచ్చింది. పిడికెడు ఉప్పుతో, ఎప్పటిలాగే నూరిన చెట్నీ. ముందు గంగాధరప్ప నాకి, ముఖం ముడిచి, సాక్షి వైపు తిరిగాడు. ఆమె పుక్కిలించలేదు, కళ్లు మూసుకోలేదు. వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

"బాగుండాది కదా!" అంది. "ఇంగొంచెం ఉప్పు పడినా తప్పు లేదు."

జిలాన్ బాషా అట్లకాడ ఆగింది. గంగాధరప్ప భార్యను చాలాసేపు చూశాడు. మూట విప్పిన రైతును ముప్పై ఏళ్లు చూసిన చూపు అది.

"నెలన్నర చప్పిడి తిన్న నాలిక్కి, ఇది బాగుండాదా?"

సుబ్బరత్నమ్మ కొంగు సర్దుకుంది.

"మామిడికాయ ఊరగాయ రవ్వంత నంజుకుంటి."

"యాడుండాది ఊరగాయ?"

"బియ్యం డబ్బాలో. కనపడితే నువ్వు అడుగుతావని దాచినా."

"కూడు దిగదంటివి కదే!"

"దిగలేదనే కదా నంజుకునింది! బీపీ నీకు. డాక్టరు చీటీలో నా పేరు రాసినాడా?"

మెహరున్నీసా పొయ్యి వైపు తిరిగి, మంట లేనిచోట ఊదడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. గంగాధరప్ప అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. ఏడేళ్ల పదవి బియ్యం డబ్బాలో ఉన్న ఊరగాయ చేతిలో ఓడిపోయిందని అతనికి అర్థమైంది. కోపం నాలుక మీదా భార్య మీదా అన్నది మాత్రం తేలలేదు.

"యాడికన్నా?" అంది మెహరున్నీసా, నవ్వు మింగుకుని. "ఉప్పు వదిన చూస్తాది. అది ఎవురైనా చూస్తారు. బుడ్డలు ఏగినాయా లేదా అనేది ఎవురు చూడాల? మాడితే చేదు, పచ్చిగా ఉంటే కసురు. పంటి కింద పెట్టి చెప్పేవాళ్లు ఈ ఊర్లో ఇంగెవురుండారు?"

"దాంట్లో ఉప్పుండదు," అంది సుబ్బరత్నమ్మ. "డాక్టరు కూడా ఏమనడు."

గంగాధరప్ప చెప్పులు విప్పి, బెంచీ చివర కూర్చున్నాడు.

"అట్లయితే ఆరుంబావుకు వస్తే కుదరదు," అన్నాడు. "బుడ్డలు ఏంచేటప్పుడే రావాల."

మర్నాటి నుంచి అయిదున్నరకే వచ్చాడు. బాణలిలోంచి ఒక బుడ్డ తీసి, ఊది, పంటి కింద పెట్టి, కళ్లు మూసుకునేవాడు. "ఇంగో రెండు నిమిషాలు" అనేవాడు, లేదా "దించు" అనేవాడు. మెహరున్నీసా అతను చెప్పినట్టే దించేది. నాలుగో రోజుకు బల్ల మీద ఉప్పు డబ్బా లోపలికి పోయింది. పండగ దాకా అంటే ఇరవై ఏడు రోజులు అతను ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ ఇరవై ఏడు రోజుల్లో బుడ్డలు మాడాయని గానీ, పచ్చిగా ఉన్నాయని గానీ ఒక్కరూ అనలేదు. అంతకు ముందు కూడా ఎవరూ అనలేదు.