గొంగడి కప్పిన పడవ

పడవను మా దొడ్డిలో నిలబెట్టిన రోజు చిన్నమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది. "గొర్లు పోయి పడవొచ్చిందా? రేపటిసంది దీనికే పాలు పిండుతవా?" అంది. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, పక్కింట్లోనే ఉంటుంది. అమ్మ పోయినప్పటి నుంచి నాకూ బాపుకూ కూర గిన్నె గోడ మీదుగా అందించేది ఆమే. అక్కడ నవ్వాలని అర్థమై నవ్వాను.

బాపు ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, గొర్రెను కొనేముందు తడిమినట్టు పడవ పొట్టను వేళ్లతో తడిమాడు.

"గిదేంది, తొట్టి లెక్కుంది?"

"తెరచాప పడవ, బాపు. పాతది. హైదరాబాద్‌ల ఒకాయన అమ్మిండు."

"మనూర్ల నీళ్లు యాడున్నయ్‌రా?"

"నీళ్లకాడికి మనమే తీస్కపోవాలె. చక్రాలున్నయ్ గదా."

ఆ రోజుల్లో ఆయన మాట అంతకంటే ముందుకు పోయేది కాదు.

మా ఊరు కొల్లాపూర్ వైపు, ఎర్రమట్టి గట్ల మధ్య ఉంటుంది. ప్రతి ఎండాకాలం బాపు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయి, వానలు పడేదాకా అక్కడే ఉండేవాడు. మోకాళ్లు అరిగాయి, అమ్మ పోయింది, ఆ నెలలోనే మందను అమ్మేశాడు. దాంతో నిద్ర కూడా పోయింది. ఖాళీ దొడ్డిలోనే మంచం వేసుకునేవాడు. కన్ను మూసిన కాసేపటికే లేచి తడిక సరిగ్గా వేసి ఉందో లేదో చూసి వచ్చేవాడు. లోపల ఏమీ లేదని ఆయనకూ తెలుసు. మహబూబ్‌నగర్ దవాఖానలో ఇచ్చిన గోళీలకు పగలంతా తూలేవాడు, రాత్రి మాత్రం మెలకువగానే ఉండేవాడు. మెడ ఎముకలు బయటపడ్డాయి. మనిషి ఇట్లాగే తగ్గుతూ పోతే గుండె తట్టుకోదని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

నేను మెకానికల్ చదివాను. మహబూబ్‌నగర్‌లో నీటి పైపుల పనులు చేసే చిన్న కంపెనీలో డ్రాయింగులు గీస్తాను. అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసేది, బస్సు ఎక్కేవాణ్ని, ఆఫీసులో కొలతలు తప్పు పోయేవి కావు. లోపల మాత్రం చాలాసేపు మఠం వేసుక్కూర్చున్న కాలులా ఉండేది. ఉందని తెలుస్తుంది, గిల్లితే తెలియదు.

అస్థికలు కలపడానికి సోమశిల దగ్గర మోటారు పడవ కిరాయికి మాట్లాడుకుని నది మధ్యకు పోయాం. పని అయ్యాక ఇంజను వెంటనే అందుకోలేదు. నడిపే అతను దాన్ని విప్పుకుని కూర్చున్నాడు. నీళ్లు పడవ చెక్కకు మెల్లగా తగులుతున్నాయి. వెనక్కి చూస్తే బాపు తలపాగా పక్కకు జారి, కూర్చున్నచోటే నిద్రపోతున్నాడు. ఇంజను మొదలవగానే ఉలిక్కిపడి లేచాడు.

అందుకే ఇంజను లేని పడవ కొన్నాను. పదిహేను రోజులు నీళ్ల మీద ఉండాలి, బాపుకు నిద్ర పట్టాలి. నాకు కావలసింది అంతే.

అది పదహారడుగుల ఫైబర్ పడవ. సాయంత్రం పూట షికారుకు చేసింది, మనుషులు ఉండటానికి కాదు. ఆదివారాలు దాని మీద పడ్డాను. ఎదురెదురు బల్లల మధ్య ప్లైవుడ్ పలక వేస్తే ఇద్దరు పడుకునే జాగా వచ్చింది. బాపు మోకాళ్ల కోసం పలకను కిందికి దించి, పట్టుకుని లేవడానికి పైపు ముక్క బిగించాను. తాగే నీళ్ల క్యాన్లను పడవ అడుగున రెండు వైపులా సర్దాను, బరువు కిందే ఉండాలని. తెరచాప స్తంభానికి అడుగు దగ్గర మడత కీలు పెట్టించాను, ఒక్కణ్నే లేపి దించుకోవచ్చు. గాలి ఎక్కువైతే తెరచాపను సగానికి మడిచి కట్టుకునేలా దానికి ఇంకో వరుస రింగులు కొట్టించాను.

అడుగున కారుతున్నది ఎక్కడో తెలుసుకోవడానికి పైపు పెట్టి పడవ లోపలే నీళ్లు నింపాను. చిన్నమ్మ మళ్లీ గోడ ఎక్కింది.

"అవునయ్యా ఇంజినీరు, నీళ్లల్ల పడవెయ్యాలెనా, పడవల నీళ్లు పొయ్యాలెనా?"

"లోపటి నీళ్లు యాడికెళ్లి బయటికొస్తే, బయటి నీళ్లు ఆడికెళ్లే లోపటికొస్తయ్, చిన్నమ్మా."

"నీ సదువు సల్లగుండ," అని దిగిపోయింది.

కారుతున్న చోట రెసిన్ పూసి మూసేశాను. తర్వాత చప్పుళ్ల పని పట్టాను. గాలి వీచినప్పుడు స్తంభానికి కొట్టుకునే తాళ్లను రబ్బరు పట్టీలతో బిగించాను. గిన్నెల మధ్య గుడ్డలు పెట్టాను. ఒకటి మాత్రం లొంగలేదు. పైకప్పుగా తెచ్చిన ప్లాస్టిక్ పరదా ఎట్లా కట్టినా ఫటఫటమని కొట్టుకునేది. దొడ్డిలో కట్టి చూసిన రోజు బాపు మంచం మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. లేచి లోపలికి పోయి తన గొంగడి తెచ్చాడు. చింతగింజల గంజి పట్టించిన నల్ల గొంగడి, అట్టలా నిలబడుతుంది. దాన్ని తెరచాప అడ్డకర్ర మీదుగా రెండు వైపులా వేలాడేశాడు.

"గిది కొట్టుకోదు."

నిజంగానే కొట్టుకోలేదు. తడిస్తే బరువు పెరుగుతుంది, ఆ బరువు పైన ఉంటే పడవ ఊగుతుంది. ఆ లెక్క చెబుదామనుకుని ఆగిపోయాను. అప్పటికి చాలా నెలలుగా ఆయన తనంతట తాను చేసిన పని అదొక్కటే. వెడల్పు చాలకపోతే ఇంట్లో ఉన్న రెండో గొంగడిని అంచుకు అంచు పెట్టి చిన్నమ్మ కుట్టింది. అది అమ్మ చలికాలం కప్పుకునేది.

పికప్ బండి వెనక తగిలించుకుని నది దగ్గరికి పోయాం. ఇద్దరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. బాపు చుక్కాని దగ్గర నా పక్కన కూర్చుని, తను మంద తిప్పిన ఒడ్లను వేలితో చూపించాడు. చాలా చోట్ల వేలు నీళ్ల వైపే ఉంది, ఆ ఒడ్లు ఇప్పుడు మునిగి ఉన్నాయి. పొద్దు వాలేటప్పటికి మెత్తటి ఒండ్రు ఉన్న ఒక మూలకు చేరాం. తెరచాప దించడం, గొంగడి కట్టడం నా పని. పడవను కట్టేస్తానని బాపు అన్నాడు. సరే అన్నాను.

ఎట్లా కట్టాడో చూడలేదు.

పొద్దున నేను పడవ గోడకు ఒరిగి మేల్కొన్నాను. స్టవ్ నా కాళ్ల దగ్గరికి జారి ఉంది. గొంగడి ఒక పక్కకు వేలాడుతోంది. లేచి బయటికి చూస్తే నీళ్లు నాలుగు బారల అవతల ఉన్నాయి, మేం బురద మీద ఉన్నాం. రాత్రి నదికి కింద ఉన్న డ్యామ్ దగ్గర నీళ్లు వదిలినట్టున్నారు, మట్టం దిగిపోయింది. ముందొక గుంజ, వెనకొక గుంజ పాతి, మేకను తలుగుతో కట్టినట్టు వదులు లేకుండా బిగించి కట్టాడు బాపు. దిగే నీళ్లతో పాటు పోవడానికి పడవకు వదులు తాడు లేదు. ఉన్నచోటే ఒక పక్కకు ఒరిగిపోయింది.

బాపు లేవలేదు. వాలిన వైపుకు జారి, వీపు పడవ గోడకు ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒక చెయ్యి నేను బిగించిన పైపును పట్టుకుని ఉంది.

ఫోన్ మోగకముందే వణికింది. చిన్నమ్మ.

"పండుకున్నడా?"

"పండుకున్నడు."

"ఎంతసేపు?"

"ఇంకా లెవ్వలే."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. నాకూ ఏమైనా వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. ఒరిగిన పలక మీద, మడమలు తన్నిపెట్టి, కదలకుండా కూర్చున్నాను. కదిలితే పడవ కిర్రుమంటుంది.

ఎండ గొంగడి అంచు దాటి ముఖం మీద పడ్డాక లేచాడు. అటూ ఇటూ చూశాడు.

"నీళ్లెవడు ఎత్కపోయిండ్రా?"

"నీళ్లెంట పడవను నువ్వే పోనియ్యలే గదా, బాపు. గంత గట్టిగ కడ్తరా?"

"ఇడిసిపెడ్తె పరాయోని చేన్ల పడదా?" అని, తనే ఆగి చుట్టూ బురదను, అవతలి నీళ్లను చూశాడు. "గీడ చేనెక్కడిది," అన్నాడు.

క్యాన్లు దించి, బరువు తగ్గించి, బురదలో మోకాళ్ల దాకా దిగి ఇద్దరం పడవను నీళ్లలోకి నెట్టాం. ఆయన్ను నెట్టొద్దన్నాను, వినలేదు. ఆ సాయంత్రం తాడు మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను. గుంజకు ముడి వేసి, రెండు బారల తాడు వదిలి, నా వైపు చూశాడు.

"ఇంకింత," అన్నాను.

ఇంకింత వదిలాడు.