కైరో టైము సరిచేసిన లింగమూర్తి

సూరత్ పక్కన పల్సానా పవర్‌లూమ్ కార్ఖానాల హోరు విన్నవాళ్లకు లింగమూర్తి గొంతు గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్లు ఎనిమిది మగ్గాల నడుమ నిలబడి మాట్లాడిన మనిషి. లింబాయత్‌లో తన ఇంట్లో కూర్చుని "ఉప్పెయ్యి" అంటే, పక్క వీధిలో ముగ్గురు ఆడవాళ్లు ఎవరి కూరలో వాళ్లు ఉప్పేసేవారు. ఒకసారి అతను తుమ్మితే షేర్ ఆటో ఆగిపోయిందనీ, డ్రైవరు దిగి టైరు పేలిందేమోనని నాలుగువైపులా చూశాడనీ కార్ఖానా మేస్త్రీ ఉమాకాంత్ ఒట్టేసి చెబుతాడు. ఆ ఆటోకు ఉన్నవి మూడే టైర్లని ఎవరైనా గుర్తుచేస్తే, అందుకే డ్రైవరు నాలుగోవైపు ఎక్కువసేపు వెతికాడంటాడు.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి పందొమ్మిదేళ్లకు సూరత్ వచ్చిన లింగమూర్తికి నలభై దాటాక కుర్చీ దొరికింది. మోకాళ్లు మొరాయిస్తుంటే కార్ఖానా యజమాని శేఠ్ కాంతిభాయ్ అతన్ని మగ్గాల దగ్గర్నుంచి తీసుకొచ్చి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. గిర్రున తిరిగే కుర్చీ. మొదటి వారం అతను చేసిన పనికన్నా తిరిగిన తిరుగుళ్లే ఎక్కువ. టైపింగు అంతా ఒక్క చూపుడువేలుతోనే. అయితేనేం, కళ్లు మూసుకుని గుడ్డ తడిమి అది ఏ మగ్గం మీద నేసిందో చెప్పగలడు. కొనేవాళ్లకు గుడ్డ చూపించడానికి అలాంటివాడే కావాలని శేఠ్ నమ్మకం.

ఆ కుర్చీకి ఈజిప్టు నుంచి గండం వచ్చింది.

కైరోలో ఫరీద్ అనే బట్టల వ్యాపారి ఉన్నాడు. తన ఊరి టైము ప్రకారం ఉదయం పదింటికి వీడియోలో గుడ్డ చూస్తాడు. కార్ఖానా సాఫ్ట్‌వేరు ఆ పదిని మన టైములోకి మార్చుకుని, వేళకు గంట కొట్టి, తనంతట తానే కాల్ కలుపుతుంది. చలికాలమంతా మధ్యాహ్నం ఒకటిన్నరకు ఈ తంతు చక్కగా సాగింది. ఏప్రిల్ ఆఖరి శుక్రవారం ఈజిప్టువాళ్లు దేశం మొత్తం గడియారాలను ఒక గంట ముందుకు తిప్పేశారు. సాఫ్ట్‌వేరుకు ఆ కబురందలేదు. తర్వాతి సోమ, మంగళవారాల్లో ఫరీద్ గంటేసి సేపు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాడు.

తెలుగు కార్మికులతో ముప్పై ఏళ్లు వేగిన శేఠ్‌కు తెలంగాణ మాట బాగానే పట్టుబడింది. కాల్ లేని బుధవారం పొద్దున ఆ మాటతోనే తేల్చేశాడు.

"లింగా భాయ్, రెండుసార్లయింది. రేపు గూడ గాయన గట్లనే కూసుంటె, నువ్వు పోయి మల్ల మగ్గం పట్టుకో. కుర్చీల ఇంకోన్ని పెడ్త."

లింగమూర్తి ఎవరికీ చెప్పకుండా ఫోను తీశాడు.

సాఫ్ట్‌వేరు పనులు చూసే పరమేశ్‌ను పిలిపించుకున్నాడు. సూరత్‌లోనే వరాఛాలో ఉంటాడు, వరసకు లింగమూర్తికి అల్లుడు.

"ఏంది అల్లుడా, దేశం దేశమే గడియారం తిప్పుడేంది?"

"ఎండకాలంల పొద్దు జల్ది పొడుస్తది గద మామా. ఆ ఎలుగు ఆగం కావొద్దని గంట ముందుకు జరుపుతరు. చలికాలం రాంగనే ఎనుకకు."

"మరి పొద్దు ఒప్పుకుంటదా?"

"పొద్దునెవరడిగిన్రు! నడుమ కొన్నేండ్లు ఈజిప్టోళ్లు ఈ ముచ్చట బందు చేసిన్రు. మల్ల షురూ చేసిన్రు. మీ డేటాబేస్‌ల ఇంకా బందున్నట్టే ఉన్నది. దేశాల టైముల పట్టిక కొత్తది ఎక్కిస్త. ఎక్కించినంక సర్వర్ ఆపి మల్ల చాలు చేయాలె. లేకుంటె అది పాతదే మనసుల పెట్టుకుంటది."

"మా అత్త అసొంటిదన్నట్టు."

పరమేశ్ నవ్వి, పట్టిక ఎక్కించాడు, సర్వర్ ఆపి తిరిగి నడిపించాడు. తెరమీద ఒకటిన్నర పోయి పన్నెండున్నర వచ్చింది.

"అయిపాయె. ఇగ దీన్ని ముట్టకు మామా."

లింగమూర్తి ముట్టలేదు. కీబోర్డు మీద తువ్వాలు కప్పి, దేవుడి పటానికి పెట్టినట్టు దణ్ణం పెట్టి ఇంటికి వెళ్లాడు.

అయితే మగ్గాల దగ్గర ఒక పద్ధతుంది. దారినపోతూ తెగిన పోగు కనిపిస్తే, అది ఎవరి మగ్గమైనా సరే, ఆగి ముడేసి పోవాలి. వేశానని చెప్పుకోవడం చిన్నతనం. కంప్యూటర్ ఒక గంట తప్పిందని, లింగమూర్తి కుర్చీ పోతుందని కార్ఖానా అంతటికీ తెలుసు. పరమేశ్ వచ్చి సరిచేసిన సంగతి మాత్రం లింగమూర్తి ఇంట్లో కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున తొమ్మిదీ ఇరవై ఎనిమిది. కాల్‌కు ఇంకా మూడు గంటలుందని లింగమూర్తి నింపాదిగా టిఫిన్ విప్పి సర్వపిండి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అది నమిలేలోపు గంట మోగింది. కాల్ కలిసిపోయింది.

తెరమీద ఫరీద్. మెడలో తువ్వాలు, నోటినిండా పళ్లపొడి నురగ. ఇటు లింగమూర్తి, నోటినిండా సర్వపిండి. రెండు దేశాలూ కాసేపు మాట్లాడలేకపోయాయి.

"సెవెన్!" అని నురగతో అరిచాడు ఫరీద్. "సెవెన్ ఓ క్లాక్!"

లింగమూర్తి చేతికందిన ఆకుపచ్చ గుడ్డ తాను లాగి తెరకు అడ్డం పట్టాడు. అది సిగ్గుతో ముఖం దాచుకోవడానికి. అవతల వంటింట్లోంచి ఒక ముసలామె వచ్చి, కొడుకును భుజంతో పక్కకు నెట్టి, తెరను గోటితో గీకి చూసింది. ఏదో గట్టిగా అంది. కాల్ తెగిపోయింది.

ఆ అరుపులకు ఆఫీసు నిండిపోయింది. శేఠ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"తొమ్మిదిన్నరకు ఎందుకు మోగింది?"

"నేను ముట్టలే శేఠ్. పన్నెండున్నర ఉండె."

ఉమాకాంత్ గొంతు సవరించుకున్నాడు. "నిన్న సాయంత్రం నేనే ఒక గంట ముందుకు జరిపిన. గంట తప్పున్నదంటిరి గద. పాపం అని."

"పదకొండున్నర జేసింది నువ్వా?" బాబిన్ల దగ్గర పనిచేసే బాలవ్వ, లింగమూర్తి భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల రాంగనే పదిన్నర జేసింది నేను."

"నువ్వెందుకు జేసినవే?"

"నీ కుర్చీ పోతదని! రాత్రంతా మోకాళ్లకు నూనె రాసేది నేను గాదా?"

"మరి తొమ్మిదిన్నర జేసిందెవరు?" అన్నాడు ఉమాకాంత్.

శేఠ్ కాంతిభాయ్ గోడమీది క్యాలెండరును చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. అది పోయినేడాది క్యాలెండరు.

"శేఠ్?" అంది బాలవ్వ.

"పొద్దున ఇట్ల పోతుంటి," అన్నాడతను నెమ్మదిగా. "నేను గూడ మగ్గం మీదకెల్లే వచ్చిన గద. చెయ్యి ఊకోలే."

లింగమూర్తి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "అయితె నేను మగ్గం కాడికి పోవాల్నా, వద్దా?"

శేఠ్ లెక్కేసుకున్నాడు. "పోవాలంటె నలుగురం పోవాలె. నాకు మగ్గం నడుపుడు మరిచిపోయి ఇరవై ఏండ్లాయె భాయ్. కూసో."

అప్పుడే ఫరీద్ సందేశం వచ్చింది. ఆకుపచ్చ గుడ్డ అమ్మకు నచ్చింది, పంపండి. ఇకమీదట కాల్ ఏడింటికే పెట్టండి. పదింటికైతే అమ్మ బజారుకు పోతుంది.

లింగమూర్తి చూపుడువేలుతో కైరో టైము ఏడని కొట్టాడు. తెరమీద తొమ్మిదిన్నర వచ్చి నిలిచింది. నలుగురూ చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాన్ని అలా చూస్తూ నిలబడ్డారు.