గట్టు మీద సున్నపు గీత

ఎనభైల చివర్లో, వానాకాలం మొదలయ్యే ముందు, నన్ను ప్రొద్దుటూరు నుంచి పులివెందుల వైపు బదిలీ చేశారు. హోదా వ్యవసాయ విస్తరణాధికారి. అందరూ ఏఈఓ అనేవారు. నా పైన వ్యవసాయాధికారి, ఆయన పైన ఏడీఏ, అంటే సహాయ సంచాలకులు. నా కింద నా లూనా బండి ఒక్కటే. అప్పట్లో శాఖలో శిక్షణ–సందర్శన పద్ధతి నడిచేది. పదిహేను రోజులకొకసారి జమ్మలమడుగులో మాకు శిక్షణ ఇచ్చేవారు. అక్కడ విన్నది మేము ఊళ్ళకు పోయి రైతులకు చెప్పాలి. ఏ రోజు ఏ ఊరో ముందే టూర్ డైరీలో రాసిపెట్టాలి. ఆకాశం విరిగి పడ్డా డైరీ తప్పకూడదనేది మా ఏడీఏ గారి పట్టు.

ఇది జరిగిన ఊరి పేరు రాయను. ఆ ఊళ్ళో పార్టీలు రెండు. జెండా రంగులు ఎన్నికలకొకసారి మారినా మనుషులు మాత్రం అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. నాకు ముందు పనిచేసినాయన చార్జి అప్పగిస్తూ, ఒకరింట్లో మజ్జిగ తాగితే రెండో వాళ్ళింట్లోనూ తాగాలనీ, లేదంటే ఎవరింట్లోనూ తాగొద్దనీ చెప్పాడు. నేను రెండోదే మేలనుకున్నాను. బండి బడి ముందర ఆపి, నీళ్ళసీసా చంకన పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఓబన్న ఒక పార్టీలో ముఖ్యుడు. ఆయనకు రెండేళ్ళ చీనీ తోట ఉండేది. కోస్తావాళ్ళు బత్తాయి అనేదాన్నే మేము చీనీ అంటాం. తోటకు తూర్పున గట్టు, గట్టుకవతల గురప్ప పొలం. గురప్పది రెండో పార్టీ. ఆయనకు గొర్రెల మంద, కొంచెం వేరుశనగ, పొలంలోనే ఇల్లు. ఇంటి వెనక ఆయన భార్య లక్షుమ్మ బీర, అనప పాదులు పెట్టుకునేది. ఫ్యాక్షన్ ఊళ్ళలో మనిషి మీద కత్తి లేచే ముందు ఎదుటివాడి చీనీ చెట్ల మీద గొడ్డలి పడుతుంది. కాపుకు రావడానికి ఐదారేళ్ళు పట్టే చెట్టును ఒక్క పూటలో నరికేస్తే ఆ ఇల్లు కోలుకోదు. ఈ సంగతి తెలిస్తే తప్ప ఓబన్న కంగారు అర్థం కాదు.

వరుసగా వానలు పడి తెరపిచ్చిన వారంలో, నా సందర్శన దినాన, ఓబన్న పదిమందితో తోట దగ్గర నిలబడి ఉన్నాడు. లేత చెట్ల మొదళ్ళలో జానెడు ఎత్తున బెరడు చుట్టూ గీకేసినట్టుంది. ఆకులకు తూట్లు.

"సూడు సారూ. నరికితే కేసవుతాదని చెక్కు గీకినారు. ఇంగ నేను గమ్మునుంటే మొగోణ్ణేనా?" అన్నాడు.

ఎవరు గీకారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. కింద కూర్చుని చూశాను. బెరడు మీద, ఆకుల వెనక, ఎండిన జిగురు చార సన్నగా మెరుస్తోంది. కత్తి గాటు ఒక్కటీ లేదు. నత్తలని చెప్పాను. పదిమందీ నా మొహం చూశారు.

"నత్తలా? నన్ను పిల్లోణ్ణి జేస్తాండావా?"

ఒక్క రోజు గడువు అడిగాను. ఆ సాయంత్రం గోనెసంచులు తడిపి, వాటి కింద బొప్పాయి ఆకులు వేసి, చెట్ల వరుసల మధ్య పరిపించాను. నత్త ఎండకు ఓర్వదు. మేత మేసి, తెల్లారే సరికి తేమ ఉన్న చోట దాక్కుంటుంది. మరుసటి రోజు డైరీలో వేరే ఊరు రాసి ఉన్నా ఉద్యోగంలో మొదటిసారి డైరీ తప్పి పొద్దున్నే అక్కడికే పోయాను. మొదటి సంచి నేను ఎత్తాను. కింద గుప్పెళ్ళకొద్దీ నత్తలు. రెండోది, మూడోది ఓబన్నే ఎత్తాడు.

"వీటి పాసుగూల! వీటికోసరమా నేను మూడు దినాల్నుంచీ అన్నం మానుకునింది," అని చతికిలబడ్డాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఇక నివారణ. విషం కలిపిన గుళికలు చల్లితే నత్తలు తొందరగానే చస్తాయి. కాని గురప్ప గొర్రెలు గట్టు దాటి మేస్తుంటాయి. ఒక్క గొర్రె గుళిక తిని చచ్చిందా, దానికి బదులు మనిషి పోతాడు. అందుకని మందుల జోలికి పోకుండా చెప్పాను. రోజూ సాయంత్రం తడి సంచులు పరచడం, పొద్దున నత్తలను ఏరి ఉప్పునీళ్ళలో వేయడం. చెట్టు మొదట్లో గడ్డి లేకుండా చూసుకోవడం, నీళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున కట్టడం. కాండానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయడం. మైలుతుత్తంలోని రాగి నత్తకు గిట్టదు. పనిలో పనిగా తోటలో కనబడ్డ మిగతా పురుగులకూ చెప్పాను: ఆకు తినే పచ్చపురుగులను చేత్తో ఏరాలి. ఆకుముడతకు, పది లీటర్ల నీళ్ళకు అర కిలో వేపగింజల పొడి లెక్కన నానబెట్టి, వడగట్టి పిచికారీ చేయాలి. ఇవన్నీ సరిగ్గానే చెప్పాను.

చివర్లో ఇంకొకటి చెప్పాను. గట్టుకవతల కాలువలో గడ్డి ఏపుగా పెరిగి ఉంది. నత్తలు వస్తున్నది అక్కణ్ణుంచే. పొడి సున్నం మీద నత్త పాకలేదు. కాబట్టి గట్టు నడినెత్తిన, ఈ కొన నుంచి ఆ కొన దాకా, బెత్తెడు వెడల్పున సున్నం పోయమని నా చేతికర్రతో గీసి మరీ చూపించాను. తెల్లటి గీత తాడు పట్టినట్టు వచ్చింది. చూసి మురిసిపోయాను. అక్కణ్ణుంచి రెండు రోజుల శిక్షణకు జమ్మలమడుగు పోయి, ఈ సంగతి తోటివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడో రోజు పొద్దున, గీత ఎట్లా పనిచేస్తోందో చూద్దామని ఊళ్ళోకి వస్తుంటే టీ అంగడాయన రోడ్డుకు అడ్డం వచ్చి బండి ఆపాడు.

"సారూ, ఎనక్కి పో. గట్టు కాడ రెండు పార్టీలూ కూడినాయి. ఓబన్న సర్వేరును పిలిపించి, గురప్ప చేన్లోకి జరిగి సున్నం పోసినాడంట."

అప్పుడు వెలిగింది నాకు. మా సీమలో నేల మీద సున్నం గీత కనబడితే దానికి ఒకే అర్థం: సర్వేయరు కొలత వేశాడు, హద్దు మారింది. పైగా ఆ గట్టు మీద వాళ్ళ తండ్రుల నాడే తగాదా ఉందట. నేను అడగలేదు. నత్తలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టినవాణ్ణి, గట్టు ఎవరిదో కనుక్కోలేదు.

దాచడమెందుకు, బండి వెనక్కి తిప్పాను. భయం వేసింది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. ఒక ఫర్లాంగు పోయాక, ఆ గీత గీయించింది నేనే కదా, ఎవరి తలకాయ పగిలినా పాపం నాదే కదా అనిపించింది. మళ్ళీ తిప్పాను.

ముందు ఓబన్న దగ్గరికి పోతే నా మాట ఓబన్న మాట అవుతుంది. అందుకని చుట్టూ తిరిగి గురప్ప ఇంటి వైపు నుంచి పోయాను. గట్టుకు ఈపక్క ఇరవై మంది, ఆపక్క ఇరవై మంది. చేతుల్లో కట్టెలు, కొడవళ్ళు. మధ్యలో నా గీత. ఒకచోట ఎవరో కోపంతో తన్నినట్టున్నారు, అడుగు వెడల్పున సున్నం చెదిరిపోయి ఉంది.

"గురప్పా, ఆ గీత పోయించింది నేను. అది హద్దు కాదు, నత్తలకు" అన్నాను.

"నువ్వు పంటల సారువా, సర్వేరువా?" అన్నాడు గురప్ప. "నత్తలకయితే ఆయప్ప నోటితో చెప్పచ్చు గదా?"

అవతల నుంచి ఓబన్న అందుకున్నాడు. "నా తోటకు నేను సున్నం పోసుకుంటే నీకు జవాబు చెప్పాల్నా?"

చెప్పి ఉంటే రెండు రోజుల కిందే తీరిపోయేది. కాని ఆ ఊళ్ళో ఎదుటి పార్టీకి వివరం చెప్పడమంటే లొంగిపోయినట్టే లెక్క.

ఏం చేయాలో తోచక, ఇంటి వాకిట్లో నిలబడి చూస్తున్న లక్షుమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీ పాదులు ఎట్లుండాయి?" అని అడిగాను. ఆమె మొగుడి వైపు చూడనైనా లేదు. "యాడ సారూ, బీరపాదు మొత్తం తినేసినాయి. తొట్టి కింద సూడు, నత్తలు కుప్పలు కుప్పలుండాయి," అని లోపలికి పోయి చేట నిండా తెచ్చి నా ముందర పెట్టింది.

వాటిని గురప్ప వైపు, సున్నానికి మూరెడు దూరంలో నేల తడిపి వదిలాను. పొద్దున పూట కదా, గుల్లల్లోకి ముడుచుకున్నాయి. నీళ్ళు చిలకరించాను. నలభై మంది గట్టుకు అటూ ఇటూ వంగి చూస్తున్నారు. నత్తనడక అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఒక్కొక్కటే కొమ్ములు బయటపెట్టి, ఆలోచించుకుని, మూరెడు నేల పాకడానికి నా ఆయుష్షులో సగం తీసుకున్నాయి. మంచుకు సున్నం పైపొర గట్టిపడింది. పని చేయకపోతే నా గతేమిటి? చేత్తో పైపొర గీకి పొడి పైకి తేల్చాను.

మొదటి నత్త సున్నం తాకి, కొమ్ములు లోపలికి లాక్కుని పక్కకు తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నిలబడి నిలబడి కాళ్ళు లాగి, కొందరు కట్టెలు కింద పెట్టి కూర్చున్నారు.

ఒక నత్త మాత్రం గీత వెంబడే పక్కకు పాకుతూ పోయి, సున్నం చెదిరిన సందు దొరికించుకుని, నింపాదిగా ఓబన్న తోటలోకి దిగింది.

గురప్ప దాన్నే చూస్తూ, "అది మీ పార్టీలోకొచ్చె. పెట్టుకో ఓబన్నా," అన్నాడు.

ముందు లక్షుమ్మ నవ్వింది. తర్వాత ఎవరు ఆపుకోగలరు? ఓబన్న కూడా, ఎంత బిగబట్టినా, ఆగలేకపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. లక్షుమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాను. తర్వాత ఓబన్న ఇంట్లోనూ తాగాను.

వాళ్ళేమీ స్నేహితులు కాలేదు. ఆ తర్వాత ఎన్నికల్లోనూ ఎవరి పార్టీ వాళ్ళదే. కాని ఆ రోజు గట్టు దగ్గర నుంచి నలభై మందీ నడుచుకుంటూ ఇళ్ళకు పోయారు. కాలువలోనూ గట్టు మీదా గడ్డి ఎవరి వైపుది వాళ్ళు కోసుకున్నారు. నత్తలు చాలావరకు తగ్గాయి, చీనీ చెట్లు బతికాయి. డైరీ తప్పినందుకు ఏడీఏ గారు సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. చదివి ఫైల్లో పెట్టేశారు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను గట్టు మీద సున్నం పోయించలేదు. అవసరమైన చోట పొయ్యిబూడిద చల్లించాను, అదీ అడిగిన రైతు పొలంలోకి రెండడుగులు లోపలికి. బూడిద సున్నమంత బాగా పనిచేయదు. వాన పడిన ప్రతిసారీ మళ్ళీ చల్లాలి. ఆ సంగతి తెలిసే చల్లించాను. మందు చెప్పే ముందు గట్టుకవతల ఎవరున్నారో అడిగి, వాళ్ళ దగ్గరికి నేనే పోయి చెప్పి వచ్చేవాణ్ణి. ఇది మాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. నా తర్వాత వచ్చినాయనకు చార్జి అప్పగించిన రోజు మజ్జిగ మాట ఎత్తకుండా, ఇదొక్కటే చెప్పాను.