నేను పేషెంటు వేషం కట్టిన రోజు

ఆ రోజుల్లో మా జిల్లాకు మెడికల్ కాలేజీ కొత్తగా వచ్చింది. గోడల రంగు ఇంకా చేతికి అంటుకునేది. అయిజ నుంచి వచ్చి అక్కడ ఫిజియాలజీ చెబుతున్న నాకు, నాకంటే గొప్ప లెక్చరర్ పాలమూరు మొత్తంలో లేడని గట్టి నమ్మకం. (నా భార్యకు ఆ నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.) అలాంటి నన్ను కూడా నోరు మూసుకుని వినేలా చేసిన మనిషి మా ప్రిన్సిపల్ మేడం. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. "ఈ పని జర చేస్తవా నాయనా?" అంటే చాలు, చేయనని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మేడంకు ఒకటే పట్టుదల. ఫస్టియర్ పిల్లలు పుస్తకాలతో పాటు వారానికోసారి పేషెంట్లతో మాట్లాడటం కూడా నేర్చుకోవాలని, దాన్ని మా కాలేజీ పాఠ్యప్రణాళికలో చేర్చాలని. దానికి అడ్డం అనాటమీ పెద్దసారు. "మాట్లాడుడు ఇంట్ల అమ్మ నేర్పుతది మేడం, దానికో క్లాసెందుకు? ఆ టైం నాకియ్యుండ్రి, ఎముకలు చెప్పుకుంట" అని ప్రతి మీటింగులోనూ అనేవారు. సిలబస్ కమిటీలో చాలామంది ఆయన వైపే. చివరికి ఒక నమూనా క్లాసు చూసి తేల్చేద్దామన్నారు. బాగుంటే క్లాసు ఉంటుంది, లేకపోతే ఆ ముచ్చట అంతటితో ఖతం. ఛాతీనొప్పి వచ్చిన ముసలి రైతుగా నటించే పని మేడం నాకప్పగించి, "నేను చెప్పేదాకా వేషం దిగొద్దు" అన్నారు.

ఆ మాటతో నాలోని నటుడు లేచి కూర్చున్నాడు. జుట్టుకూ మీసాలకూ పౌడరు పూసి, పంచె కట్టి, భుజాన తువ్వాలేసుకున్నాను. క్లాసు మా కాలేజీ దవాఖాన కింది అంతస్తు హాల్లో. నేరుగా అక్కడికి పోతే సరిపోయేది. కానీ గొప్ప నటులు గేటు దగ్గరి నుంచే పాత్రలో ఉంటారని ఎవరో నాకు చెప్పినట్టు, గేటు దాటగానే ఛాతీ పట్టుకుని "అయ్యో, సస్తున్ననమ్మా" అని మూలిగాను.

అంతే, ఒక ఆయమ్మ చక్రాల కుర్చీతో ఉరికొచ్చింది. "యాడికెళ్లి వచ్చినవ్ తాతా?" అంటే, "గోపాల్‌పేట" అన్నాను, పాత్రలోనే. చూస్తుండగానే ఎమర్జెన్సీ మంచం మీదున్నాను. మా దవాఖాన ఇంత చురుగ్గా పనిచేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు! ఛాతీ మీద ఈసీజీ వైర్లు, చేతికి బీపీ పట్టీ. కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు సిరంజీ తీసేసరికి నా నటన కాస్తా ఆవిరైపోయింది. (చిన్నప్పటి నుంచి సూది చూస్తే నాకు ప్రాణం పోతుంది. డాక్టరునైనా అంతే.) "నేను తాతను కాను, ఇక్కడి డాక్టర్నే, ఫిజియాలజీ!" అని అరిచాను.

"గట్లనే తాతా, నువ్వు డాక్టరువే. పరేషాన్ గాకు, సప్పుడు జేయక పండుకో" అంది నర్సమ్మ.

అప్పుడే వార్డు చూడటానికొచ్చిన మా ఫస్టియర్ పిల్లల గుంపులోంచి ఒక అమ్మాయి, కల్వకుర్తి పిల్ల, ముందుకొచ్చి డ్యూటీ డాక్టరు చెవిలో ఏదో అంది. ఆయన సిరంజీ పక్కన పెట్టాడు. ఆ పిల్ల స్టూలు లాక్కుని కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నీతోని ఎవరొచ్చిండ్రు పెద్దయ్యా?" మేడం మాట గుర్తొచ్చి మళ్లీ పాత్రలోకి దూరి, ఎవ్వరూ రాలేదన్నాను. "నేనుంట తియ్యి. నొప్పి ఎప్పటి సంది ఉన్నది?" అని నిదానంగా అడిగి, నేను చెప్పిందంతా విన్నది. తల తిప్పి చూస్తే గుమ్మంలో మేడం, ఆవిడ వెనక అనాటమీ పెద్దసారుతో సహా కమిటీ. హాల్లో నేను కనపడక వెతుక్కుంటూ వచ్చారు. కాపాడమని కళ్లతోనే వేడుకున్నాను. మేడం కమిటీకి చెయ్యి అడ్డం పెట్టి అక్కడే నిలబెట్టేశారు తప్ప నా వైపు ఒక్క అడుగు వేయలేదు. అంత గందరగోళంలోనూ క్లాసు నడుస్తోందని ఆవిడకొక్కరికే అర్థమైంది.

మేడం ఇక చాలన్నాక, వైర్లు తీయించుకుని నేను గర్వంగా లేచి, "చూశారా సార్, ఒక్కరు కూడా గుర్తుపట్టలేదు!" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుంది. "నేను చూడంగనే గుర్తుపట్టిన సార్. సూది ఎయ్యొద్దని డాక్టరు సారుకు గందుకే చెప్పిన."

"తెలిసి గూడ ఎందుకు కూసున్నవమ్మా మరి?" అని అడిగారు అనాటమీ పెద్దసారు.

"సార్ ఏసింది వేషమే గానీ, చేతులు నిజంగనే వణుకుతుండె సార్."

పెద్దసారు మేడం వైపు తిరిగి, "క్లాసు ఉండనియ్యుండ్రి మేడం. నాగ్గూడ ఒక కుర్చీ ఎయ్యుండ్రి, వచ్చి కూసుంట" అన్నారు. మేడం ముఖంలో గెలిచిన గర్వం ఇసుమంతైనా లేదు. "మొఖం కడుక్కొని రా నాయనా, చాయ్ తాగుదాం" అన్నారు నాతో. అంత గొప్ప మనిషి దగ్గర పనిచేశానని ఇప్పటికీ నాకు మురిపెమే.

మేడం రిటైరయ్యాక ఆ క్లాసు నేనే చెబుతున్నాను. ఎలా అడగాలో, ఎలా వినాలో ఏటేటా కొత్త పిల్లలకు వివరంగానే చెబుతాను. ఆ కల్వకుర్తి పిల్ల చూసినట్టు ఎలా చూడాలో మాత్రం నాకింకా చెప్పడం చేతకాలేదు. అక్కడికి రాగానే, లోకమంతా తన నటనకు మోసపోయిందనుకుని పంచె సర్దుకుంటూ మంచం దిగిన ఆ కుర్ర లెక్చరర్ గుర్తొస్తాడు, పాఠం మధ్యలో నవ్వొచ్చేస్తుంది. ఎందుకు సార్ నవ్వుతున్నరు అని పిల్లలడుగుతారు. ఏం లేదులే అంటాను గానీ, వాడంటే నాకు కొంచెం జాలి, చాలా ఇష్టం.