మా మరదలు అమ్మనియ్యని షేర్లు

పొద్దున దీపం వెలిగించబోతుంటే తమ్ముడి ఫోన్ వచ్చింది. "అక్కా, ఆమె పోయిందే" అన్నాడు. ఆమె అంటే వాడి భార్య, మా మరదలు. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయే లోపే అయిపోయిందట. చేతిలో అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా అట్లాగే నిలబడ్డాను.

అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది నేనే. ఏ పని చేసినా నన్నడిగే చేసేవాడు. మరదలిని వెతికి తెచ్చింది కూడా నేనే. తర్వాత వాడు ఆమె మాట వినడం మొదలుపెట్టాడు. మంచిదే. అయినా నాకు కండ్లమంటగా ఉండేది. ఇది చదివేవాళ్లలో ఆడబిడ్డలుంటే వేరే చెప్పనక్కర లేదు.

సిద్దిపేటలో వాళ్ల ఇంటి ముందుగదిలో ఆమె జాకెట్లు కుట్టేది. ఎంత పని ఉన్నా, నేను పోతే మిషన్ ఆపి ముందు నీళ్లిచ్చేది. మా వాడ ఆడవాళ్ల చిట్టీలో, అవసరం పడ్డవాళ్లు ముందే పాట పాడి తక్కువకు ఎత్తుకునేవారు. ఆమె ఎన్నడూ పాడలేదు. ప్రతిసారీ ఆఖరి చిట్టే. "ఆగినోళ్లకే నిండుగ వస్తది వదినె" అనేది.

అట్లా వచ్చిన డబ్బుతో తమ్ముడి చేత ఒక చిన్న బయోటెక్ కంపెనీ షేర్లు కొనిపించింది. ఆ కంపెనీ కిడ్నీ జబ్బుకు కొత్త మందు చేసే పనిలో ఉంది. ఆమె పుట్టిల్లు చంద్లాపూర్‌లో వాళ్ల బాపు డయాలసిస్‌తోనే కొన్నేండ్లు నెట్టుకొచ్చి, ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. ఇంటి పైన గది వేసి ఆడపిల్లలకు కుట్టు నేర్పాలని ఆమె కోరిక. ఆ గది పైసలన్నీ ఆ షేర్లలోనే ఉన్నాయి.

ఒకరోజు వార్త వచ్చింది. రోగుల మీద చేసిన పరీక్షలో ఆ మందు అనుకున్నంత పనిచేయలేదట. ఆ పూటకే షేరు కుప్పకూలింది. తమ్ముడు బండి మీద నా దగ్గరికి వచ్చాడు, వెనుక ఆమె.

"అక్కా, ఏం జేద్దాం?"

"అమ్మెయ్ రా. మిగిలిందన్న దక్కుతది."

మరదలు కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. "వదినె, దేవుని ముంగట ఏండ్ల సంది నిలవడ్డవు. గీ షేరు ముంగట నాలుగు దినాలు నిలవడవా?"

"షేరు చిట్టి గాదే. ఆఖరుకు ఎవ్వలు పిలిచి ఇయ్యరు."

"ఎరుకే. ఇయ్యకపోనీ. గదే మందుకు ఇంకో పరీక్ష వెడ్తున్నరట. చేసేటోళ్లే ఇడ్వలే, మనమెందుకు ఇడుసుడు? వాళ్లు ఆపిన్నాడు నేనే అమ్ముమంట."

తమ్ముడు నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "ఉండనీ తియ్" అన్నాడు.

ఆ సాయంత్రం పూజలో చాలాసేపు కూర్చున్నాను. మనసు కుదరలేదు. రెండు పూటలా దీపం పెట్టేది నేను, నిబ్బరం మాత్రం ఆమెకు. ఆ షేర్లు కోలుకోవాలని మొక్కుదామంటే నోరు రాలేదు.

ఆమె రోజూ ధర చూసేది కాదు. కంపెనీ కబురు వస్తే మాత్రం తమ్ముడితో చదివించుకుని, మళ్లీ చదవమనేది. షేరు కొంత లేచింది, కొన్న ధరకు ఇప్పటికీ చేరలేదు. పైగది లేవలేదు. ఆమె ఆగలేదు. ఆ ఇరుకు ముందుగదిలోనే పిల్లల్ని మోకాళ్లు తగిలేట్టు కూర్చోబెట్టి కుట్టు నేర్పింది. దినాలనాడు ఆ పిల్లలు ఏడ్చిన ఏడుపు విని కూడా నాకు అసూయే కలిగింది. నాకోసం అట్లా ఏడ్చేవాళ్లు ఎవరున్నారు?

దినాలైన మరునాడు తమ్ముడు వచ్చాడు.

"అక్కా, ఆమె షేర్లు ఏం జేద్దామంటవ్? నువ్వు అమ్ముమంటే అమ్ముత."

ఇన్నేండ్లు నేను వినాలనుకున్న మాట. వాడు మళ్లీ నన్నే అడుగుతున్నాడు. లోపల ఏమీ కదలలేదు. ఆమెను ఒక్కమాట అడిగి చెబుతాను అనబోయి ఆగాను.

"ఆ మందు పరీక్ష ఏమాయె?"

"నడుస్తనే ఉందక్కా."

"అట్లయితే ఉండనీ తమ్మీ."

వాడు తలూపి, అన్నం పెట్టమన్నాడు. చాప పరిచాను. వాడు ఎప్పట్లాగే గోడవైపుకు జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.

నేను ఎదురుగా, ఉత్త గచ్చు మీద కూర్చున్నాను.