ఎడమ మూల మీద చెయ్యి

నా భార్య పోయాక ఆమె లాప్‌టాప్ నా దగ్గర పది నిమిషాలకు మించి నడవలేదు. తెర ఉన్నట్టుండి నల్లబడేది. మీట నొక్కితే కొన్నిసార్లు మళ్లీ లేచేది, కొన్నిసార్లు లోపల ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రమే వినిపించేది.

అందులో ఆమె రాసుకున్న పేజీలున్నాయి. దౌల్తాబాద్ వైపు ఒక ఊరి బడిలో ఆమె పంతొమ్మిదేళ్లు పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక ఆ బడి గురించి రాయడం మొదలుపెట్టింది. చూపించమంటే, అయిపోయాక చూద్దువులే అనేది. అయిపోలేదు. ఆ పేజీలకు ఇంకో కాపీ ఎక్కడా లేదు. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఆ తాకిడికే ఆగిపోయింది. రెండుసార్లు అలా అయ్యాక, ఉన్నది కూడా పోతుందేమోనని మానేశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజూ తెరిచి, అది నడిచినంతసేపు చదివేవాణ్ణి. ఒకటి, లేకపోతే రెండు పేజీలు.

కారణం వెతకడం నాకు ఒక పని అయింది. చార్జర్ అనుకుని మార్చాను. వేడి అనుకుని కింద రెండు పుస్తకాలు పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాను. ఒక దుకాణంలో చూసి మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. ఇంటికి తెచ్చుకున్నాను. ఎప్పుడు ఆగిందో, ఆ సమయానికి నేనేం చేస్తున్నానో నోట్‌బుక్‌లో రాయసాగాను. రెండు వారాల తర్వాత చదివి చూసుకుంటే ఒక సంగతి తేలింది. ఊరికే పెట్టి చదువుతున్నప్పుడు ఆగడం తక్కువ. నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టినా, లాప్‌టాప్‌ను దగ్గరికి జరుపుకున్నా ఆగుతోంది.

ఒక రోజు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే మూయడానికి ముందుకు వంగాను. ఎడమ చెయ్యి లాప్‌టాప్ ఎడమ మూల మీద ఆనింది. తెర ఒకసారి అదిరి నిలబడింది. చెయ్యి తీయలేదు. ఆ రోజు గంటసేపు చదివాను. పెన్‌డ్రైవ్ గుచ్చే ధైర్యం మాత్రం చేయలేదు.

ఆమె కూడా అలాగే కూర్చునేది. ఎడమ అరచెయ్యి ఆ మూల మీద బరువుగా ఆనించి, కుడిచేతి వేళ్లతోనే టైపు చేసేది. చివరి ఏడాది అది చూసి నీరసం అనుకున్నాను. రెండు చేతులతో కొట్టరాదా అని అడిగాను కూడా.

"గిట్లనే మంచిగున్నది. నీకెందుకు?" అంది.

అది పాడైందని ఆమెకు తెలుసు. చెబితే నేను దుకాణంలో ఇచ్చి వస్తానని, ఓ వారం రాత ఆగిపోతుందని చెప్పలేదేమో. తన దగ్గర ఎన్ని వారాలున్నాయో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మర్నాడు సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఇంచుమించు నా వయసువాడే. ముందు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి, ఇప్పుడు వీటికి వచ్చాడు. మూల నొక్కితే నడుస్తుందని చెప్పి నోట్‌బుక్ చూపించాను.

"సగం పని మీరే చేసిన్రు సార్. ఎక్కడనో లూజున్నది" అన్నాడు.

లాప్‌టాప్‌ను బోర్లించి, వెనకవైపు చిన్న మూతకున్న స్క్రూ విప్పాడు. మూత కింద మెమరీ ముక్క ఉంటుందట. దాని మీద ఎండిన ఆకులున్నాయి. ఆయన ఒక ఆకు వేళ్లతో తీసి చూశాడు.

"జమ్మాకు గదా. గింత బంగారం దీని కడుపుల ఎవలు దాచిన్రు సార్?"

"మా ఇంటామె" అన్నాను.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమని ఇచ్చుకుంటాం. కొంత బీరువాలో, కొంత పనిచేసుకునే సామానులో దాస్తాం. ఒక దసరాకు ఆమె కుట్టు మిషన్ స్క్రూడ్రైవరుతో లాప్‌టాప్ మూత విప్పుతుంటే నవ్వాను.

"కుట్టు మిషన్ల పెడ్తే నవ్వలేదు గదా. దీంతోటి నేను పని చేస్తలేనా?" అంది.

అది ఆ ఒక్క ఏడాదే అనుకున్నాను. పాతవి తీయకుండా ప్రతి దసరాకూ పెడుతూ వచ్చిందని ఇప్పుడు తెలిసింది. అడుగునున్న ఆకులు పొడి అయి, ఆ పొడి మెమరీ ముక్క కూర్చునే సందులోకి దిగింది.

"అమ్మ మంచికే పెట్టింది గని, దీనికి పడలే" అన్నాడు మెకానిక్.

ముక్కను బయటికి తీసి, దాని అంచును పిల్లలు పెన్సిలు చెరుపుకునే రబ్బరుతో రుద్దాడు. బ్రష్షుతో సందు దులిపాడు. ముక్కను మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాడు. నేనడిగిందే తడవుగా పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తర్వాత లాప్‌టాప్‌ను తట్టాడు, ఎత్తి ఊపాడు. ఆగలేదు.

ఆకులను చెత్తలోకి ఊడ్చలేదు. కాగితంలో పొట్లం కట్టి, "తొక్కుడు పడకుంట ఏదన్న చెట్టు మొదట్ల ఎయ్యున్రి సార్" అని నా చేతికిచ్చాడు. పొట్లం ఇంకా పుస్తకాల అలమరలోనే ఉంది.

మిగిలిన పేజీలు ఇరవై కూడా లేవు. ఆ సాయంత్రమే చదివేయవచ్చు. నేను మునుపటిలాగే, మధ్యాహ్నం అన్నం తిన్నాక, రోజుకు రెండే చదివి, ఆపకుండా అలాగే తెర మూసి పెట్టేవాణ్ణి.

తొమ్మిదో రోజు చివరి పేజీకి వచ్చాను. వానాకాలం. ఐదో తరగతి గది కారుతోంది. పిల్లలందర్నీ ఒక గోడ వారకు జరిపి కూర్చోబెట్టింది. ఒక పిల్ల తన అన్నం డబ్బా ఖాళీ చేసి చుక్క పడేచోట పెట్టింది. "అది నిండగానే" అని రాసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

నిండగానే ఏం జరిగిందో నాకు తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో ఉండే ఉంటుంది. పేరు రాయలేదు. వాన పడ్డ రోజు ఆమె ఇంటికి రాగానే బడి సంగతులు చెప్పేది. ఇది కూడా చెప్పే ఉంటుంది. నేను పేపరు చదువుతూ విని ఉంటాను.

చివరి మాట పక్కన గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. చాలాసేపు చూశాను. తెర నల్లబడలేదు. ఎడమ చెయ్యి మూల మీదే ఉందని అప్పుడు గమనించి తీశాను. అయినా నడుస్తూనే ఉంది. ఆ రోజు మొదటిసారి దాన్ని నేనే ఆపాను.